పిల్లల మనస్సు మారినప్పుడు ఆలస్యము వలదు



మన పత్రికలో ఉగాది గూర్చి, రామభజనము గూర్చి, సింహాద్రి అప్పన్న పూజ గూర్చి, మన పెద్దలు ఓడలెక్కి చెరకు తోటలకు వచ్చిన కథల గూర్చి ఎన్నో వ్యాసములు చదివినాము. ఈసారి మేము వ్రాయు విషయము అటువంటిది కాదు. నలుగురు కూర్చున్న చోట మనవారు ఎత్తని విషయము. పదిహేనేండ్లు మొదలు పాతికేండ్ల వరకు గల పిల్లలకు వచ్చు ఒక మనోవ్యాధి గూర్చి, అది ముదరక ముందే కనిపెట్టి వైద్యము చేయించుట గూర్చి చెప్పదలచినాము.

మేము డాక్టర్లము కాము. మారిషస్‌లో పుట్టి, ఇరవై ఏండ్లకు పైగా అమెరికాలో న్యూ జెర్సీ రాష్ట్రములోని ఎడిసన్ పట్టణములో ఉంటూ, బడిలో లెక్కలు చెప్పుకొనువారము. మా తెలుగు చిన్ననాడు సాయంకాలపు తరగతులలో నేర్చుకొన్న తెలుగు. తప్పులున్న మన్నించగలరు. చదివి తెలుసుకొన్నది కొంత, ఇంట్లో అనుభవించి తెలుసుకొన్నది కొంత ఇక్కడ వ్రాయుచున్నాము.

మా ఇంటి సంగతి

మా చిన్నాన్న భజనలో మృదంగము బాగా వాయించేవాడట. పందొమ్మిదవ ఏట తోట పనికి పోవుట మానివేసినాడు. సర్దారు తన వెనుక మనుషులను పంపుచున్నాడని చెప్పేవాడు. రాత్రులు నిద్ర లేదు. మా నాయనమ్మ "గాలి సోకింది" అన్నది. తాయెత్తు కట్టించినారు, అమ్మోరికి మొక్కినారు. "పెండ్లి చేస్తే వాడే కుదురుకొంటాడు" అని కొందరు అన్నారు. ఆసుపత్రికి తీసికొని పోవునప్పటికి ఆరేండ్లు గడచినవి. మాకు తెలిసినప్పటినుండి ఆయన వెనుక గదిలో ఉండేవాడు, పెట్టినది తినేవాడు, మృదంగము ముట్టేవాడు కాదు. పెండ్లి సంబంధములకు ఎవరైనా వచ్చినప్పుడు ఆ గది తలుపు మూసేవారు. ఆయన పేరు బయట ఎత్తవద్దని మాకు నేర్పినారు. మేము బాగా నేర్చుకొన్నాము.

తరువాత, 2021లో, ఇదే ఎడిసన్‌లో మా చెల్లెలి కొడుకు పదిహేడేండ్లవాడు మారసాగినాడు. సాకర్ ఆట మానినాడు. రాత్రి మేలుకొని పగలు నిద్రపోయేవాడు. కంప్యూటరు కెమెరాకు కాగితము అంటించినాడు. భోజనాల హాలులో పిల్లలందరూ తన గూర్చే మాట్లాడుచున్నారని చెప్పినాడు. మా చెల్లెలు "అక్కా, వీడికి ఏమయింది? నువ్వు బడిలో ఇంతమంది పిల్లల్ని చూస్తావు కదా" అని అడిగినది. మేము "వయసు అలాంటిది, కోవిడ్ తరువాత పిల్లలందరూ ఇలాగే ఉన్నారు" అని జవాబు చెప్పినాము. ఆ జవాబు వలన ఎనిమిది నెలలు పోయినవి.

ఒక రాత్రి ఆ పిల్లవాడు వంటగదిలోకి వచ్చి, "పెద్దమ్మా, నేను మనసులో అనుకొనేది పక్కవాళ్ళకు వినబడుతుందా?" అని అడిగినాడు. అప్పుడు మాకు మా చిన్నాన్న గుర్తుకు వచ్చినాడు. ఆ వారములోనే డాక్టరు వద్దకు తీసికొనిపోయినాము. "మీ కుటుంబములో ఎవరికైనా మనోవ్యాధి ఉన్నదా?" అని డాక్టరు అడిగితే, మా చెల్లెలు వెంటనే "ఎవరికీ లేదు" అన్నది. ఆమె కూడ మాతో పాటే నేర్చుకొన్నది కదా. మేము "ఉన్నది" అన్నాము. చిన్నాన్న కథ బయటివారికి మేము చెప్పుట అదే మొదటిసారి. ఈ సంగతులు మా పిల్లవాని అనుమతితోనే వ్రాయుచున్నాము. తన పేరు మాత్రము వద్దన్నాడు.

సైకోసిస్ అనగా ఏమి?

మనస్సులో పుట్టిన ఊహకును, బయట జరుగు నిజమునకును మధ్య ప్రతి మనిషికి ఒక గట్టు ఉండును. ఆ గట్టు తెగిపోవుటను డాక్టర్లు సైకోసిస్ అందురు. లేని మాటలు చెవికి వినబడును. ఎవరో వెంటాడుచున్నారని, టెలివిజనులోనో ఫోనులోనో తన గూర్చే చెప్పుచున్నారని గట్టి నమ్మకము కలుగును. మాట ఒకదానికొకటి పొందిక లేకుండ పోవును. స్కిజోఫ్రీనియా ఇందులో ఒక రకము మాత్రమే. ఏదో ఒక రకపు సైకోసిస్ జీవితకాలములో నూటికి సుమారు ముగ్గురికి రావచ్చునని అంచనా. మొదటిసారి వచ్చుట ఎక్కువగా పదహారు, ఇరవై ఐదు ఏండ్ల నడుమనే. చదువు, ఉద్యోగము, వివాహము అన్నియు నిర్ణయమగు వయస్సు అదే.

ఇది తల్లిదండ్రుల పెంపకము వలన వచ్చునది కాదు, పూర్వజన్మ పాపము అసలే కాదు. కొంత వంశము వలన వచ్చును. తల్లికో తండ్రికో స్కిజోఫ్రీనియా ఉన్నచో పిల్లలలో నూటికి సుమారు పదిమందికి రావచ్చును. అనగా తొంబదిమందికి రాదు. గంజాయి మరొక కారణము. చిన్న వయస్సులో మొదలుపెట్టి, ఘాటైన రకమును రోజూ పీల్చువారికి ప్రమాదము చాల పెరుగును. న్యూ జెర్సీలో 21 ఏండ్లు నిండినవారికి గంజాయి అంగడిలో అమ్ముట 2022 ఏప్రిల్‌లో మొదలైనది. చట్టము ఒప్పుకొన్నది కనుక మెదడుకు హాని లేదని పిల్లలు అనుకొందురు. అది తప్పని చెప్పవలసినది మనమే.

వలస కూడ ఒక కారణమని పరిశోధకులు చెప్పుచున్నారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమునకు వలసవచ్చిన నార్వేవారిలో ఈ వ్యాధి స్వదేశములో ఉన్నవారి కంటె ఎక్కువగా ఉన్నదని ఓడెగార్డ్ అను డాక్టరు 1932లోనే వ్రాసినాడు. తరువాత అనేక దేశముల లెక్కలు అదే చూపినవి. వలసవచ్చినవారికే కాదు, వారి పిల్లలకు కూడ ప్రమాదము ఎక్కువ. ఒకసారి తోటలకు, మరల అక్కడినుండి ఇంకొక దేశమునకు వచ్చిన మనవంటి వారు ఈ మాట గుర్తుంచుకొనుట మంచిది.

ముందుగా కనబడు గుర్తులు

ఈ వ్యాధి ఒక్క రాత్రిలో వచ్చుట తక్కువ. చాలమందిలో నెలల ముందే, ఒక్కొక్కప్పుడు ఏండ్ల ముందే జాడలు కనబడును. ఇంట్లోవారును, ఉపాధ్యాయులును చూడవలసినవి ఇవి:

స్నేహితులను వదలి గదిలోనే ఉండుట. మార్కులు ఒక్కసారిగా పడిపోవుట. నిద్ర తలక్రిందులగుట. స్నానము, బట్టలు పట్టించుకొనకపోవుట. ఇష్టమైన ఆటపాటల మీద కోరిక పోవుట. నవ్వవలసిన చోట ముఖములో ఏమియు లేకపోవుట. మామూలు శబ్దములు, వెలుతురు భరించలేకపోవుట. ఎవరో పేరు పెట్టి పిలిచినట్లు వినబడుట. ఇతరుల మీద కారణము లేని అనుమానము. మాట మధ్యలో దారి తప్పుట.

ఇందులో సగము ఏ పదహారేండ్ల పిల్లవానిలోనైనా ఉండునే అని మీరు అనవచ్చును. నిజమే. అందుకే మేము పొరపడినాము. మాకు తరువాత డాక్టరు చెప్పిన కొలత సులభమైనది. పక్కింటి పిల్లలతో పోల్చవద్దు, ఏడాది క్రితము అదే పిల్లవాడు ఎట్లుండెనో దానితో పోల్చవలెను. మార్పు వారములు గడచినను తగ్గక పెరుగుచున్నదా? ఒక చోటనే కాక ఇంట్లో, బడిలో, స్నేహితుల వద్ద కూడ కనబడుచున్నదా? అవునన్నచో చూపించవలెను.

ఇంకొక భేదము తెలిసికొనవలెను. మొదటి దశలో పిల్లవానికి తన ఆలోచన మీద తనకే సందేహము ఉండును. "నా వెనుక ఎవరో ఉన్నట్లు అనిపిస్తుంది, కాని అది నా భ్రమేమో" అనును. ముదిరిన తరువాత ఆ "ఏమో" పోవును, నమ్మకము గట్టిపడును. ఆ "ఏమో" ఇంకను ఉన్నప్పుడే డాక్టరును కలియుట అన్నింటికంటె మంచిది. పిల్లవాడు తానే వచ్చి చెప్పును, తానే సహాయము కోరును. మా పిల్లవాడు వంటగదిలో అడిగినది ప్రశ్న, అది ఇంకను నమ్మకము కాలేదు. అది మా అదృష్టము.

ప్రమాదము వేరు, వ్యాధి వేరు

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరములో డాక్టర్ పాట్రిక్ మెక్‌గోరీ, డాక్టర్ ఆలిసన్ యంగ్ మొదలగువారు 1990ల నడుమ ఇటువంటి పిల్లల కొరకే ఒక వైద్యశాల నడిపినారు. వ్యాధి ఇంకను రాలేదు, కాని వచ్చు ప్రమాదము ఎక్కువగా ఉన్నది అనువారిని గుర్తించు పద్ధతి అక్కడ రూపొందినది. నేడు అనేక దేశములలో ఆ పద్ధతి వాడుచున్నారు.

ఇట్లు గుర్తింపబడినవారిలో మూడేండ్ల లోపల నిజముగా సైకోసిస్ వచ్చునది సుమారు నాలుగవ వంతు మందికి. మిగిలిన ముప్పాతిక మందికి ఆ కాలములో రాదు. కావున డాక్టరు "ప్రమాదమున్నది" అన్నంత మాత్రమున ఇంట్లో ఏడ్పులు పెట్టరాదు, బంధువులకు చాటరాదు. అయితే "రాదులే" అని మరచిపోనూ రాదు. వారిలో చాలమందికి దిగులు, ఆందోళన అప్పటికే ఉండును, వాటికి వైద్యము కావలెను.

ప్రమాద దశలో మొదటనే సైకోసిస్ మందులు ఇయ్యరు. మాట్లాడి ఆలోచనల తీరును సరిదిద్దు చికిత్స, కుటుంబమునకు బోధ, నిద్ర సరిచేయుట, గంజాయి మాన్పించుట, నెలనెలా గమనించుట, ఇవియే మొదటి వైద్యము. "డాక్టరు వద్దకు పోతే జన్మంతా మాత్రలు మింగిస్తారు" అను భయముతో మనవారు ఆగిపోవుదురు. ముందుగా పోవుటయే ఆ మాత్రలు తక్కువ కావలసి వచ్చు మార్గము.

కాలము విలువ

వ్యాధి మొదలైన నాటినుండి సరియైన వైద్యము మొదలగు నాటి వరకు గడచు కాలము ఎంత తక్కువైన అంత మేలు. అది మూడు నెలలు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సాహముతో తయారైన ప్రకటన చెప్పినది. వాస్తవము వేరు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ 2008లో రెయిజ్ అను పెద్ద పరిశోధన మొదలుపెట్టినది. 21 రాష్ట్రములలో 34 వైద్యశాలలు, 404 మంది రోగులు ఇందులో పాల్గొన్నారు. వారిలో సగము మందికి వైద్యము లేకుండ గడచిన కాలము 74 వారములకు పైనే. అనగా ఏడాదిన్నర. ఇంత ధనిక దేశములో! 2015లో వచ్చిన ఫలితముల ప్రకారము, పలువురు నిపుణులు ఒక జట్టుగా చేసిన వైద్యము పొందినవారు సాధారణ వైద్యము పొందినవారి కంటె బాగుపడినారు, చదువులకు పనులకు ఎక్కువగా తిరిగిపోయినారు. ఆ లాభము త్వరగా వచ్చినవారికి ఎక్కువగాను, ఆలస్యముగా వచ్చినవారికి తక్కువగాను దక్కినది.

నార్వేలోని రోగాలాండ్ జిల్లా కథ ఉపాధ్యాయులందరు తెలిసికొనదగినది. 1997 మొదలుకొని అక్కడ పత్రికలలో, రేడియోలో, బడులలో ఈ వ్యాధి గుర్తులు ప్రచారము చేసినారు. ఎవరైనా ఫోను చేసిన వెంటనే వచ్చి చూచుటకు ఒక జట్టు ఉంచినారు. అంతకు ముందు నడిమి లెక్కన సుమారు అర్ధ సంవత్సరముండిన ఆలస్యము 5 వారములకు దిగినది. తరువాత ప్రచారము ఆపినారు. జట్టు ఉండినను ఆలస్యము మరల 15 వారములకు పెరిగినది. దీనినిబట్టి వైద్యులుంటే చాలదని, ఇండ్లలో బడులలో ఈ మాట నలుగుచుండవలెనని తెలియుచున్నది. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

ఎడిసన్‌లో ఏమున్నది?

తామస్ ఎడిసన్ మెన్లో పార్కులో 1879లో విద్యుద్దీపము వెలిగించిన ఊరు ఇది. 1954లో ఆయన పేరే ఊరికి పెట్టుకొన్నారు. నేడు ఓక్ ట్రీ రోడ్డు మీద నడచిన చీరల అంగళ్ళు, మిఠాయి దుకాణములు, తెలుగు మాటలు. జనాభాలో దాదాపు సగము ఆసియా మూలములవారే. ఆలస్యము మాత్రము ఇక్కడ కూడ ఉన్నది. "ఓక్ ట్రీ రోడ్డులో ఎవరైనా చూస్తే?" అను భయము మారిషస్ కాంపులో ఉన్న భయమే.

సహాయము దగ్గరనే ఉన్నది. ఎడిసన్ పొరుగున ఉన్న పిస్కాటవేలో రట్గర్స్ విశ్వవిద్యాలయము వారి బిహేవియరల్ హెల్త్ కేర్ సంస్థ ఉన్నది. మొదటిసారి సైకోసిస్ వచ్చిన 15 నుండి 35 ఏండ్ల వారికి జట్టు వైద్యము న్యూ జెర్సీలో ఏర్పాటైనప్పుడు, దానిని నడుపుటకు ఎన్నికైన సంస్థలలో ఇది ఒకటి. జట్టులో మందులు వ్రాయు డాక్టరు, మాటల చికిత్స చేయువారు, కుటుంబమునకు నేర్పువారు, చదువుకు ఉద్యోగమునకు తోడ్పడువారు ఉందురు. మందు తక్కువ మోతాదులో మొదలుపెట్టుదురు. దక్షిణాసియా కుటుంబముల కొరకు సామ్‌హిన్ అను సంస్థ ఇదే రాష్ట్రములో పనిచేయుచున్నది. బడిపిల్లలైతే బడిలోని కౌన్సిలరును ముందు కలియవచ్చును. పిల్లవాడు చచ్చిపోదునని అన్నను, వినబడు గొంతులు ఏదైనా చేయమని ఆజ్ఞాపించుచున్నవన్నను వేచియుండరాదు. అమెరికాలో ఎక్కడినుండైనను 988 కు ఫోను చేయవచ్చును. ప్రాణాపాయమున్నచో 911.

ఒక నియమము మనవారికి తెలియదు. 18 ఏండ్లు నిండిన పిల్లల సంగతి వారి ఒప్పుదల లేక సాధారణముగా డాక్టరు తల్లిదండ్రులకు చెప్పడు. తల్లిదండ్రులు చూచినది డాక్టరుకు చెప్పుటకు మాత్రము ఏ అడ్డు లేదు. ఒక కాగితము మీద తేదీలతో వ్రాసి ఇయ్యవలెను. నిద్ర ఎప్పుడు చెడినది, బడి ఎప్పుడు మానినాడు, ఏ మాట అన్నాడు. మా చెల్లెలు వ్రాసిన రెండు పుటలు మేము చెప్పిన మాటలన్నిటికంటె ఎక్కువ ఉపయోగపడినవని డాక్టరే అన్నాడు.

మన ద్వీపములోనే జరిగిన పని

ఇది అంతయు అమెరికావారి విద్య అని అనుకొనరాదు. ఈ వ్యాధి ప్రమాదమును చిన్ననాడే కనుగొనవచ్చునా అని ప్రపంచములో జరిగిన పెద్ద పరిశోధనలలో ఒకటి మన మారిషస్‌లోనే జరిగినది. 1972లో వాక్వా, కాత్ర్ బోర్న్ పట్టణములలో మూడేండ్ల పిల్లలను 1,795 మందిని పరీక్షించినారు. అమెరికానుండి మెడ్నిక్, డెన్మార్కునుండి షుల్‌సింగర్, ఇంగ్లండునుండి వెనబుల్స్, మారిషస్‌నుండి డాక్టర్ రామన్ దీనిని నడిపినారు. పిల్లలలో మూడింట రెండు వంతులకు పైగా భారత సంతతివారే. మేము కూడ దాదాపు ఆ ఈడువారమే. ఆ పరీక్షలకు పోయిన పిల్లలు మా తరగతులలో కూర్చొన్నవారే అయియుండవచ్చును.

వారిలో 100 మందికి రెండేండ్లపాటు ప్రత్యేక శిశుపాఠశాల నడిపినారు. మంచి భోజనము, ఆటలు, వ్యాయామము, చదువు, తల్లిదండ్రులతో సంబంధము ఉండునట్లు చూచినారు. పదునేడేండ్లకును, ఇరవై మూడేండ్లకును మరల చూడగా, ఆ పాఠశాలకు పోయినవారిలో స్కిజోఫ్రీనియాను పోలిన స్వభావ లక్షణములు, చెడు నడవడి తక్కువగా ఉన్నవి. మూడేండ్లప్పుడు పోషణ లేక చిక్కియున్న పిల్లలకు లాభము ఎక్కువగా కలిగినది. దీనివలన వ్యాధియే ఆగినదని చెప్పరాదు, పరిశోధకులు కూడ అట్లు చెప్పలేదు. కాని పిల్లవాని తలవ్రాత మూడేండ్లకే ముగిసిపోదని మాత్రము తెలిసినది.

కుటుంబము చేయగలది

చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ అను సంస్థయు, కెనడాలోని మాంట్రియాల్ వైద్యులును కలిసి మొదటి సైకోసిస్ వచ్చిన రోగులను రెండు నగరములలో పోల్చి చూచినారు. చెన్నైలో కుటుంబముల తోడ్పాటు ఎక్కువ, వైద్యము మధ్యలో మానినవారు తక్కువ. కుటుంబమే మన బలము. అయితే అదే కుటుంబము దాచుట మొదలుపెట్టినచో, ఆ బలమే మూసిన తలుపు అగును. మా ఇంట్లో రెండింటిని చూచినాము.

కావున మా మనవి ఇది. పిల్లవాడు వింత మాట చెప్పినప్పుడు వాదించవద్దు, ఎగతాళి చేయవద్దు, అవునని ఒప్పుకొనవద్దు. "నీకు భయముగా ఉన్నది, మేము ఉన్నాము" అనిన చాలును. ముందు నిద్ర గూర్చి అడుగవలెను. ఆ ప్రశ్నకు ఏ పిల్లవాడును సిగ్గుపడడు. పూజ చేయదలచినవారు చేయవచ్చును, కాని పూజ అయ్యేదాక డాక్టరును ఆపరాదు. పెండ్లి మందు కాదు. అది ఇంకొక ఇంటి బిడ్డకు అన్యాయము. మందులకు బరువు పెరుగుట, మత్తు మొదలగు ఇబ్బందులుండును. వాటిని డాక్టరుకు చెప్పి మార్పించుకొనవలెను, సొంతముగా ఆపినచో వ్యాధి తిరుగబెట్టును. అన్నింటికంటె ముఖ్యము, వంశములో ఎవరికి ఏమి ఉండెనో ఇంట్లో పెద్దలు పిల్లలకు చెప్పవలెను.

మా పిల్లవాడు ఇప్పుడు కాలేజీలో చదువుచున్నాడు. తోటివారికంటె నెమ్మదిగా, విడతకు రెండు పాఠ్యాంశములే తీసికొనుచున్నాడు. కొన్ని వారములు బాగుండును, కొన్ని ఉండవు. క్రిందటి ఉగాదికి మా ఇంట భజన జరిగినప్పుడు మృదంగము ఎవరిదని అడిగినాడు. "మీ తాతగారి తమ్ముడు వాయించేవాడు" అని చెప్పి, ఆయన పేరు, ఆయన కథ అంతయు అందరి ఎదుట చెప్పినాము. ఎవరును లేచిపోలేదు. కొంతసేపటికి మా బంధువులలో ఒక పెద్దావిడ మా పక్కకు వచ్చి కూర్చొని, మెల్లగా, "అమ్మా, మా మనుమడు కూడ రాత్రులు నిద్రపోవుట లేదు" అన్నది.